చిప్పలలో నీటి చరిత్ర

బిలాస్‌పూర్ స్టేషన్‌లో దిగి రైల్వే కాలనీ వైపు నడిస్తే, హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ తెలుగు పలుకు కూడా చెవిని పడుతుంది. నాగపూర్ - అసన్సోల్ రైలుమార్గం 1891లో పూర్తయింది. ఉద్యోగరీత్యా వచ్చి ఈ పట్టణంలో స్థిరపడినవారిలో తెలుగువారూ ఉన్నారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం.

నాకు ఆతిథ్యమిచ్చిన బాబాయిగారు ఆవిరి ఇంజన్ల కాలపు ఫైర్‌మన్. సాయంకాలం అర్పా నది ఒడ్డుకు తీసుకువెళ్ళారు. వేసవి కావడంతో ఇసుకలో సన్నని పాయ మాత్రమే మిగిలి ఉంది.

"ఏ ఊరి నీళ్ళు ఎలాంటివో మాకు బాయిలరే చెప్పేది, నాయనా! కఠినజలం పోస్తే గొట్టాలకు సున్నపు పొర కట్టేది" అన్నారాయన.

ఆ సున్నంతోనే ఇల్లు కట్టుకునే జీవి ఒకటుంది. దాని పేరు ఆస్ట్రకాడ్. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం. పరిమాణంలో సాధారణంగా ఆవగింజను మించదు. దేహాన్ని రెండు చిప్పల మధ్య దాచుకుంటుంది. పెరిగి పెద్దదయ్యేలోగా ఎనిమిదిసార్లు పాత చిప్పలు విడిచి, చుట్టూ ఉన్న నీటినుంచే సున్నం తీసుకుని కొత్తవి నిర్మించుకుంటుంది. దానితోపాటు రవ్వంత మెగ్నీషియం, స్ట్రాన్షియం కూడా చిప్పలో చేరతాయి. ఎండకు చెరువు ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో బరువైన ఆక్సిజన్ పాలు హెచ్చుతుంది. ఆ గుర్తూ చిప్పలో నిలుస్తుంది.

చివాస్, డి డెకర్, షెల్లీ అనే శాస్త్రజ్ఞులు 1985లో, చిప్పలలోని స్ట్రాన్షియాన్ని బట్టి సరస్సుల పూర్వపు లవణీయతను అంచనా కట్టవచ్చునని ప్రకటించారు. అయితే మెగ్నీషియంపై నీటి వేడిమి ప్రభావమూ ఉంటుంది కనుక ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పడం తగదు. పైగా ఆమ్లగుణం గల నీటిలో చిప్పలు కరిగిపోతాయి. ప్రతి చెరువూ తన కథను దాచుకోలేదు. దాచుకోగలిగిన చోట మాత్రం అది ఎంతకాలమైనా నిలుస్తుంది. మన ఆసిఫాబాద్ ప్రాంతంలో, దక్కన్ లావా పొరల నడుమ, సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి మంచినీటి ఆస్ట్రకాడ్ శిలాజాలు లభించాయి.

మరునాడు రతన్‌పూర్ వెళ్ళాము. అది బిలాస్‌పూర్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఉన్న కలచురి రాజుల పూర్వ రాజధాని, చెరువుల ఊరు. ఒక గట్టుమీద నిలబడగా నాకు దిగులు కలిగింది. పూడిక తీయనిదే చెరువు బతకదు. తీస్తే, అందులో చిప్పలే ఉన్నట్లయితే, శతాబ్దాల నీటి లెక్క బండ్లకెక్కి పొలాల పాలవుతుంది. పూడిక తీయడానికి ముందు, నిలువునా ఒక గొట్టంలో పట్టినంత బురదనైనా భద్రపరిస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి కదా!

ఈ మాటే చెప్పాను. బాబాయిగారు చాలాసేపు నీటివంక చూస్తూ ఉండిపోయారు.

"బాయిలర్‌లోని సున్నాన్ని గీకి పారేసేవాళ్ళం, నాయనా! అందులోనూ చదువుకోదగినదేదో ఉంటుందని మాకు తోచనేలేదు" అన్నారు చివరకు.