గట్టు ఒకవైపే ఉన్న బావి

నీళ్లలోంచి మావారు చేయి ఊపారు. ఒడ్డున నిలబడి నేనూ నవ్వుతూ చేయి ఊపాను.

‘రా, భలే ఉంది’ అంటున్నారనుకున్నా. ఆయనేమో ‘కాపాడు’ అంటున్నారు! పెళ్లయిన మొదటి వేసవిలో, 2017 మే నెలలో, సూర్యలంక తీరంలో జరిగిందిది. ఇన్నేళ్లయినా ఎవరైనా దూరం నుంచి చేయి ఊపితే నా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది.

మాది వికారాబాద్. ఆయనది తాండూరు. రెండూళ్లకీ మధ్య రైల్లో గంట ప్రయాణం కూడా ఉండదు. మా రెండూళ్లలో దొరకనిది ఏదైనా ఉందంటే అది సముద్రమే. నేను జర్నలిజం డిప్లొమా చదివే రోజుల్లో విశాఖలో ఓ అరగంట చూశాను. ఆయనైతే సినిమాల్లో చూడ్డమే. పుట్టి పెరిగింది నాపరాళ్ల మధ్య. వాళ్లింట్లో రాళ్ల పాలిష్ పని. పొద్దున లేచింది మొదలు మిషను రొద, తెల్లటి దుమ్ము. పెళ్లయ్యాక కూడా నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో, ఆయన పనికోసం తాండూరులో. వారానికోసారి రైలెక్కి వెళ్తే, ఆదివారమంతా చుట్టాలతోనే సరిపోయేది. ఇద్దరం తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకున్నది లేదు. అందుకే ఆ వేసవిలో నాలుగు రోజులు ఎటైనా వెళ్దామని పట్టుబట్టాను.

గోవా అన్నాను. ‘డబ్బులు చెట్టుకు కాస్తున్నాయా?’ అన్నారు. చివరికి మా సమస్యను రైలే తీర్చింది. గుంటూరు నుంచి వచ్చే పల్నాడు ఎక్స్‌ప్రెస్ మా వికారాబాద్ దాకా వచ్చి వెనక్కి వెళ్తుంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి గుంటూరు. అక్కణ్నుంచి బాపట్ల, బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళ్తే సూర్యలంక బీచ్. ఇంకేం కావాలి!

పైలం బిడ్డా!

ఈ సంగతి వినగానే మా అత్తమ్మ బుగ్గలు నొక్కుకున్నారు. ‘గీ ఎండల సముద్రం కాడికి పోతరా ఎవలన్న? మన కాగ్నా లేదా?’ అన్నారు. మే నెలలో కాగ్నాలో ఇసుక తప్ప ఏముంటుంది? ఆ మాటా ఆవిడే అని, ఆవిడే నవ్వేసి, తెల్లారుజామునే లేచి కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టిచ్చారు. బయల్దేరేటప్పుడు మాత్రం కొడుకు వంక చూసి, ‘పైలం రా! బావిల దుంకినట్టు దుంకకు’ అన్నారు.

ఆ మాటకో కారణం ఉంది. మావారికి ఈత అంటే ప్రాణం. ఏడేళ్లప్పుడు వాళ్ల బాబాయి నడుముకు ఖాళీ డబ్బా కట్టి వ్యవసాయ బావిలోకి తోసేశారట. అప్పట్నుంచీ వేసవంతా బావిలోనే. గట్టు మీంచి తలకిందులుగా దూకడం, అడుగు దాకా మునిగి గుప్పెడు మట్టి తేవడం... ఇవన్నీ పెళ్లిచూపుల్లోనే చెప్పేశారు!

మధ్యాహ్నం వికారాబాద్‌లో రైలెక్కాం. మా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ కూడా తూర్పుగానే పోతుంది, మా రైల్లాగే. తాండూరు మీదుగా పోయే కాగ్నా కూడా ఆ కొండల్లోనే పుట్టి పడమటికి వెళ్తుంది. అది కర్ణాటకలో భీమలో కలుస్తుంది. భీమ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. మూసీ హైదరాబాద్ చూసుకుని, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలుస్తుంది. విష్ణుపురం దాటాక రైలు కృష్ణ మీదకొచ్చేసరికి పొద్దుగూకుతోంది. ‘మీ నీళ్లూ మా నీళ్లూ ఇక్కడ కలిసే పోతున్నాయి’ అన్నాను. ‘ఇక్కడ నీళ్లెక్కడున్నయ్, అన్నీ రాళ్లే’ అన్నారాయన. రాళ్ల వ్యాపారి కదా మరి!

అలలు లేని చోటు

మర్నాడు సూర్యలంక చేరేసరికి ఎండ మండిపోతోంది. మా తాండూరులో ఎండ కొడుతుంది కానీ చెమట అంతగా పట్టదు. ఇక్కడ నీడలో కూర్చున్నా ఒళ్లంతా కారిపోతోంది. అయినా ఆ నీళ్లను చూశాక అన్నీ మర్చిపోయాం. పొడవాటి ఇసుక తీరం, వెనక సరుగుడు తోటలు, కనుచూపు మేరా నీళ్లు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయారు. ‘దీనికి అవతలి గట్టు లేదు కదే!’ అన్నారు చిన్నపిల్లాడిలా. ఆ సాయంత్రం మోకాళ్ల లోతులో ఆడుకుని, చేపల పులుసుతో అన్నం తిని పడుకున్నాం.

రెండో రోజు పొద్దున్నే ఏడింటికల్లా మళ్లీ వచ్చేశాం. జనం లేరు. కాస్త దూరంలో ఒకాయన పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మాకు అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం అలల్లేవు. నీళ్లు కొంచెం మట్టిరంగులో, నున్నగా, చెరువులా ఉన్నాయి. ‘ఇదిగో, ఇక్కడైతే భయం లేదు. హాయిగా ఈదొచ్చు’ అని మావారు దిగారు. నేను మోకాళ్ల దాకా దిగాను. కాళ్ల కింద ఇసుక జర్రున జారిపోతుంటే గిలిగింతలు పెట్టినట్టుంది. ఆ జారుడు ఏం చెబుతోందో నాకు తెలీలేదు.

నాలుగైదు బారలు వేశారో లేదో, ఆయన చాలా దూరంలో కనిపించారు. ‘అబ్బో, ఏం ఈత!’ అనుకున్నా. వెనక్కి తిరిగారు. ఒడ్డుకేసి ఈదుతున్నారు. ఈదుతూనే ఉన్నారు. మనిషి మాత్రం దగ్గరకి రావడం లేదు. అప్పుడే చేయి ఊపారు. నేనూ ఊపాను. రెండోసారి ఊపారు. మళ్లీ ఊపాను. ఫొటో తీద్దామని ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నా.

నా వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. వల బాగుచేసుకుంటున్న ఆయనే. చేతిలో లారీ ట్యూబు, దానికో తాడు. ‘ఏందమ్మా, మనిషి పోతుంటే చూస్తా నిలబడ్డావ్?’ అని అరుస్తూ నీళ్లలోకి దూకేశాడు.

ఆ తర్వాత పది నిమిషాలో, పావుగంటో... నాకు గంటల్లా అనిపించింది. నేను కేకలు వేశానట. నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. ఆ మనిషి మావారిని పట్టుకున్నాక నేరుగా ఒడ్డుకు రాలేదు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకి, అలలు విరుగుతున్న వైపు వెళ్లాడు. ‘ఇటు తేకుండా అటెక్కడికి తీసుకెళ్తున్నాడు?’ అని నా ప్రాణాలు పోయాయి. అక్కడికి చేరాక అలలే ఇద్దర్నీ ఒడ్డుకు తోసేశాయి.

మావారు ఇసుకలో బోర్లా పడి ఉప్పునీళ్లు కక్కారు. కాస్త తేరుకున్నాక ఆ పెద్దాయన అడిగాడు. ‘బావిలో నేర్చుకున్నావా ఈత?’

‘అవును’ అన్నారీయన.

‘బావికి నాలుగు పక్కలా గట్టుంటది. ఎటు ఈదినా ఒడ్డే. దీనికి ఒక పక్కే గట్టు. ఎదురీదితే చేతులు పోతయ్, మనిషి పోతాడు. పక్కకి రావాల. అలల్లేని చోటే కదయ్యా భయం!’

తర్వాత చదివితే...

ఆఫీసుకు వచ్చాక దీని గురించి చదివాను. దాని పేరు రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు దొరికితే, అన్నీ అందులోంచే వేగంగా వెనక్కి వెళ్తాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. అందుకే మనలాంటి వాళ్లకు అదే మంచిచోటులా కనిపిస్తుంది. ఆ నీటి వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుందట. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. అయితే అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది. ప్రాణం తీసేది ఎదురీదడం వల్ల వచ్చే అలసట, కంగారు. చిక్కుకుంటే వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకోవాలి, చేయెత్తి ఊపుతూ అరవాలి, ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకకూడదు. తేలే వస్తువేదైనా విసిరి, సాయం కోసం కేకలు వేయాలి. ఇవన్నీ తెలిసిన చదువుకున్నదాన్ని నేను కాదు, వల అల్లుకునే ఆ పెద్దాయన.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆయన చూపు మా సంచిలోని రొట్టెల మీద పడింది. ‘ఏందియ్యి, అప్పడాలా?’ అన్నాడు. జొన్నరొట్టెలని చెప్పి, మూట మొత్తం ఇచ్చేశాం. అప్పట్నుంచీ ఏటా సంక్రాంతికి అయిదు కిలోల తాండూరు కందిపప్పు ఆయనకు పార్సిల్ వెళ్తుంది. మా కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఫోన్‌చేసి చెబితే, ‘గుర్తింపు సంగతి నాకు తెలీదమ్మా, పప్పు మాత్రం వెన్నలా ఉడుకుద్ది’ అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మావారు కృష్ణ దాటే దాకా నోరు విప్పలేదు. దాటాక మెల్లగా, ‘నువ్వు చేయి ఊపినప్పుడు టాటా చెబుతున్నవేమో అనుకున్నా’ అన్నారు. అని నవ్వబోయారు. నవ్వలేకపోయారు. నాకూ ఏడుపు ఆగలేదు. పెళ్లయ్యాక మేమిద్దరం మొహమాటాలు లేకుండా మాట్లాడుకున్నది ఆ రాత్రే. ఆయనకు నీళ్లలో భయమేసిందని ఒప్పుకున్నారు. వారానికో ఆదివారం కాపురం నాకు చాలడం లేదని నేనూ చెప్పేశాను. ఆర్నెల్లలో ఆయన వారానికి మూడు రోజులు హైదరాబాద్‌లో ఉండేలా పని మార్చుకున్నారు.

అత్తమ్మకు ఈ సంగతి రెండేళ్ల దాకా చెప్పలేదు. విన్నాక తిట్టలేదు. కొడుకు తల నిమిరి, ‘చెప్తి గద బిడ్డా’ అన్నారంతే.

కిందటేడు మా పాపను తీసుకుని మళ్లీ సూర్యలంక వెళ్లాం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల 2022లోనే వేరే జిల్లా అయింది. మా రెండూళ్లూ రంగారెడ్డి నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లాలోకి వచ్చినట్టే. మావారిలో వచ్చిన మార్పు మాత్రం అంతకన్నా పెద్దది. కోటిపల్లి ప్రాజెక్టులో పడవెక్కినా లైఫ్ జాకెట్ తొడుక్కునే మనిషయ్యారు. తీరంలో ముందు పెద్దాయన దగ్గరకు వెళ్లి, ఎక్కడ దిగొచ్చో అడిగారు. తర్వాత పాపను భుజాన కూర్చోబెట్టుకుని, చాలాసేపు నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు.

‘నాన్నా, అక్కడ అలల్లేవు. అక్కడ ఆడుకుందామా?’ అంది పాప.

ఆయన నావంక చూశారు. ‘అక్కడొద్దమ్మా, అలలున్న చోటే ఆడుకుందాం’ అని, మోకాళ్ల లోతు దాటకుండా దాన్ని నీళ్లలో దించారు. కాసేపటికి ఇద్దరూ నాకేసి తిరిగి చేతులు ఊపారు.

నేను తిరిగి ఊపలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పరుగున వాళ్ల దగ్గరకే వెళ్లిపోయాను.