కండ్లకోయ వనములో పరుగు సంచి

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు రహదారిపై, మేడ్చలు చేరకమునుపే కండ్లకోయ యను గ్రామమున్నది. బాహ్యవలయ రహదారియు నా సమీపముననే కలదు. ఇన్ని బండ్ల రొద ప్రక్కనే అటవీశాఖవారు విహారమునకై తీర్చిన వనమొకటి యున్నది. జనులు దానిని ఆక్సిజన్ పార్కు అందురు.

మాఘమాసమున నొక తెల్లవారుజామున మా చెల్లెలి కుమార్తెతో నచ్చటికి పోతిని. ఆమె కొండలపై జరుగు పరుగు పందెమునకు సాధన చేయుచున్నది. “పెద్దమ్మా, ఇది బరువు. నీయొద్ద నుంచుము” అని తన వీపుసంచి నాకిచ్చి పరుగెత్తినది.

సంచి విప్పి చూచితిని. వానకోటు, ఉన్ని టోపీ, చేతితొడుగులు, తలకు కట్టుకొను దీపము, ఈల, పటము, దిక్సూచి, వెండిరేకువలె మెరయు పలుచని కప్పు, నీళ్లు, వేరుసెనగ చిక్కీలు. పరుగునకు పోవువారికి ఇంత మూట యేలయని నాకు వింత తోచినది.

ఒక చుట్టు తిరిగి వచ్చిన పిదప అడిగితిని. ఆమె యిట్లు చెప్పినది: “పరుగెత్తునంతసేపు ఒడలు వేడిని పుట్టించును. కాలు మడతపడి నిలిచిపోయినచో, చెమటకు తడిసిన బట్టపై చలిగాలి వీచి ఆ వేడిని హరించును. మొదట వణుకు, పిదప మాట తడబాటు, ఆపై మతి తప్పుట. ఈ వస్తువులు పరుగునకు గావు; పరుగు ఆగిన గడియకు. ఈలను నిమిషమునకు 6 మారులు ఊది, ఒక నిమిషమాగి మరల ఊదినచో, ఆపదలో నున్నామని కొండలనెరిగినవారు గ్రహింతురు.”

ఇంగ్లండు ఉత్తరభాగమున బోడికొండలను ‘ఫెల్’ అందురు. అచ్చటి పెద్ద పందెములలో గాలివాన కాగు దుస్తులు, పటము, దిక్సూచి, ఈల, ఆపత్కాలపు తిండి లేనివారిని బయలుదేరనీయరు. ఈ నియమము చాదస్తము కాదు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రమున 172 మంది 100 కిలోమీటర్ల కొండపరుగునకు బయలుదేరిరి. హఠాత్తుగా పెనుగాలి, వడగండ్లు, చలి క్రమ్ముకొనగా 21 మంది మరణించిరి. గాలి నాపు కోటు అచ్చట తప్పనిసరి వస్తువు కాకుండెను. ఒక గొర్రెలకాపరి తన గుహలో నిప్పు రాజేసి ఆరుగురిని కాపాడెను.

ఈ మాట చెప్పుచుండగనే పిల్ల మొగము మారినది. మారుమాటాడక సంచి తగిలించుకొని రెండవ చుట్టునకు పోయినది.

సోదరీమణులారా, తిరుమల మెట్లెక్కబోవునపుడు మన పెద్దలు శాలువయు, పులిహోర పొట్లమును మూటగట్టుట మరువరు. కండ్లకోయలో మంచు కురియదు. ఇచ్చట ఎండయే శత్రువు, నీళ్లును ఉప్పుకలిపిన మజ్జిగయు రక్ష. చోటునుబట్టి మూట మారును. మీ పిల్లలు కొండకు పోవునపుడు వలదనకుడు. ఏ దారిని పోయి ఎప్పుడు వత్తురో అడిగి, సంచి మాత్రము ఒకమారు విప్పి చూడుడు.