ఇర్రం మంజిల్‌కి ఒక పని కావాలి

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి మెట్రోలో వెళ్లేవాళ్లకి పంజగుట్ట తర్వాత వచ్చే ఇర్రం మంజిల్ ఒక స్టేషను, అంతే. ఆ పేరున్న మేడ మాత్రం గుట్ట మీద ఇంకా నిలబడే ఉంది. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్నాడు. 150కి పైగా గదులు, యూరప్ బరోక్ పోకడలు, గచ్చుతో తీర్చిన అలంకారాలు. విందులతో వెలిగిన ఆ ఇల్లు సర్కారు చేతికొచ్చాక రికార్డుల గోదాము అయింది, ఆపైన ఇంజనీర్ల ఆఫీసు అయింది.

పాత కట్టడం కొత్త పనికి ఒదగడం వింతేమీ కాదు. లండన్‌లో సెయింట్ క్యాథరిన్ రేవు దగ్గర డికెన్స్ ఇన్ అనే పబ్ ఉంది. అది 18వ శతాబ్దపు చెక్క గోదాము. 1970లలో దాని చట్రాన్ని దాదాపు 70 మీటర్లు పక్కకు జరిపి నిలబెట్టి, 1976లో పబ్‌గా తెరిచారు. గోదాముకి ఆ వెసులుబాటు పుట్టుకతోనే ఉంటుంది. బస్తాలు మోసిన దూలాలు జనాన్నీ మోస్తాయి. అడ్డుగోడలు తక్కువ, ద్వారాలు వెడల్పు. కొత్త పని అప్పజెప్పినా పెద్దగా కొట్టాల్సిందేమీ ఉండదు.

నవాబు మేడకి అంత సులువు కాదు. ఇలాంటిది ఆఫీసైతే పార్టిషన్లు, వైర్లు, ఏసీ గొట్టాలు వచ్చేస్తాయి. అన్నిటికన్నా చెరుపు సిమెంటు. డంగు సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి, పూత ఉబ్బి రాలుతుంది. అప్పుడు కట్టడమే శిథిలమైందంటారు!

2019 జూన్‌లో ఈ మేడని కూల్చి అసెంబ్లీ కట్టాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. శంకుస్థాపన కూడా జరిగింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అది మంచి తీర్పు. కానీ కోర్టు కూల్చివేతను ఆపుతుంది గానీ, ఏటా వానాకాలానికి ముందు కప్పు మీద మొలిచిన రావి మొక్కల్ని పీకించదు. ఆ పని అక్కడ రోజూ మసిలే మనుషులు చెయ్యాలి.

మేడకి దగ్గర్లోని సోమాజిగూడలో సాయంత్రం కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోట్లు దాదాపు అన్నీ అద్దాల మేడల్లోనే ఉన్నాయి. ఇక్కడ పబ్ అంటే కొందరు అభ్యంతరం చెబుతారు. పబ్బే కానక్కర్లేదు. ముందు హాళ్లలో ఇరానీ చాయ్ హోటలు పెట్టండి, గజల్ సభలు జరపండి, పెళ్లి విందులకి అద్దెకివ్వండి. వచ్చిన అద్దె సున్నం పనికే ఖర్చు పెట్టండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్లని పిలిపించండి. మొదటి అడుగుగా ఆదివారాలైనా గేటు తెరిచి, జనాన్ని లోపలికి రానివ్వండి.