వియన్నా వార్డుల్లో ఒక విద్యార్థిని

చదువు కోసం వియన్నా వచ్చిన ఆ వైద్య విద్యార్థిని ముందుగా జోసెఫినమ్ మ్యూజియం చూసింది. గాజు పెట్టెలో మైనపు స్త్రీమూర్తి. మెడలో ముత్యాల హారం, తెరిచిన పొట్టలో కాలేయం, పేగులు. 18వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో చేయించిన ఈ బొమ్మలు కంచరగాడిదల మీద ఆల్ప్స్ దాటి వచ్చాయి.

దగ్గర్లోనే 1784లో తెరిచిన పాత జనరల్ ఆస్పత్రి. ఇప్పుడది యూనివర్సిటీ క్యాంపస్. అక్కడ ప్రసూతి విభాగాలు రెండుండేవి. మంత్రసానులు పని నేర్చుకునే వార్డులో కన్నా వైద్య విద్యార్థుల వార్డులోనే బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేయడం ఇందుకు కారణమని 1847లో అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ గుర్తించాడు. క్లోరిన్ కలిపిన నీళ్లతో అందరిచేతా చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతానికి దిగాయి.

అయినా పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. తమ చేతులే ప్రాణాలు తీశాయని ఒప్పుకోవడం ఎంత కష్టం!

ఆమె మనసు మాత్రం ఆ తల్లుల చుట్టూనే తిరుగుతోంది. వైద్య విద్యార్థుల వార్డు వద్దని వాళ్లు మోకాళ్ల మీద పడి బతిమాలేవారని సెమ్మెల్‌వైసే రాశాడు. గర్భిణులకు తెలిసిన ఆ నిజం డాక్టర్ల చెవికి ఎందుకు ఎక్కలేదు? తన ప్రాజెక్టుకి ఆమె ఆ ప్రశ్నే ఎంచుకుంది.