వరి వేరు కింద పులుపు కథ

నిడదవోలు జంక్షన్‌లో రైలు దిగి ఊరు దాటితే చాలు, పచ్చటి వరిచేలు పలకరిస్తాయి. రాణీ రుద్రమదేవి అత్తవారి ఊరిది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలి వచ్చే కాలువే ఈ చేలకు ప్రాణం.

దమ్ముచేసి ఊడ్చిన చేలో ఓ వరి దుబ్బును పీకి, బోదెలో జాడించి చూడండి. బురద పోతుంది కానీ వేళ్ల మీది ఎర్రటి పూత పోదు. అది తుప్పు! కాడలోని గాలిగొట్టాల ద్వారా వరి వేళ్లకు ఆక్సిజన్ పంపుతుంది. నేలలోని ఇనుము దాంతో కలిసి తుప్పుగా పేరుకుంటుంది. ఆర్సెనిక్ లాంటి విషాన్ని చాలావరకు ఈ పూతే పట్టి ఉంచుతుంది.

వేరుకు మరో విద్య కూడా తెలుసు. చింతపండు పులుసు రాగిచెంబు చిలుమును వదిలించినట్టే, వేరు ఊరించే సిట్రిక్, మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు మట్టికి అతుక్కున్న భాస్వరాన్ని, ఇనుమును కరిగించి మొక్కకు అందిస్తాయి. చిక్కేమిటంటే, నేలలో కాడ్మియం, సీసం ఉంటే అవీ కదలొచ్చు. ఒక్కోసారి కథ తిరగబడుతుంది. కొన్ని గోధుమ రకాలు మాలిక్ ఆమ్లంతో అల్యూమినియాన్ని గుమ్మం బయటే కట్టేస్తాయి. ఏం జరిగేదీ నేల, లోహం, పంట రకాన్ని బట్టే.

ఇది అన్నం ముద్దకు సంబంధించిన సంగతి. జపాన్‌లో జింజు నది ఒడ్డున గని నుంచి వచ్చిన కాడ్మియం వరిలో చేరి, తిన్నవారి ఎముకలను గుల్ల చేసింది. 'అబ్బా నొప్పి' అని అర్థం వచ్చే 'ఇటాయ్ ఇటాయ్' అన్న పేరే ఆ జబ్బుకు స్థిరపడింది. కాలుష్యమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మన దగ్గర పటాన్‌చెరు నక్కవాగు పొలాలు పరిశ్రమల వ్యర్థాలతో దెబ్బతిన్నాయి.

నీరు నిలిచిన చేలో కాడ్మియం గంధకంతో కలిసి కదలకుండా ఉంటుంది. చేను ఆరితే విడుదలవుతుంది. ఆర్సెనిక్‌ది సరిగ్గా ఎదురు దారి. శుభ్రమైన నేలలో ఈ బెంగే లేదు. అనుమానం ఉన్నచోట మాత్రం పరీక్ష తప్పనిసరి. భూసార కార్డులోని 12 అంశాల్లో కాడ్మియం, సీసం ఉండవు. వాటిని విడిగా అడిగి చేయించుకోవాలి. పుల్లనేలల్లో సున్నం వేస్తే కాడ్మియం జోరు తగ్గుతుంది.

వేరు తన కాపలా తాను కాస్తూనే ఉంటుంది. బోదెలోకి ఏం కలుస్తోందో చూసుకోవాల్సింది మాత్రం గట్టు మీది మనుషులే!