నాన్న కత్తెర

ప్రతి శుక్రవారం రాత్రి మిస్సిసాగాలో మా ఇంటి బేస్‌మెంటులో ఐదుగురు పిల్లలు చేరి రాక్షసుల్ని చంపుతూ ఉంటారు. రక్తం కారదు కాబట్టి మా ఆవిడకి అభ్యంతరం లేదు. కార్పెట్ మీద పీజా పడుతుందనే బెంగ ఒక్కటే.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు మొదలుపెట్టారు. ఒకడు కథ చెబుతాడు, మిగిలినవాళ్ళు ఆ కథలో వీరులు, ఇరవై ముఖాల పాచిక విధి. కెనడాకీ దీనికీ చుట్టరికం ఉంది. ఈ ఆటగాళ్ళు ఎక్కువగా తిరిగే 'ఫర్గాటెన్ రెల్మ్స్' లోకాన్ని ఊహించినవాడు టొరాంటోలో పుట్టిన ఎడ్ గ్రీన్‌వుడ్. 1998లో 'బాల్డర్స్ గేట్' అనే కంప్యూటర్ ఆటని తయారుచేసింది ఎడ్మంటన్‌లోని బయోవేర్.

నేను 2003లో విండ్సర్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చినప్పుడు రూమ్మేటు ఈ ఆట నేర్పాడు. ఆ చలికి బయటికి పోలేక, సినిమాకి డబ్బుల్లేక, శనివారాలన్నీ మంత్రఖడ్గాల వేటలో గడిపేవాళ్ళం. అప్పుడే మూడున్నరో ఎడిషన్ వచ్చింది. ఎడిషన్ మారితే ఏం మారుతుందని మీరు అడగొచ్చు. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, వెర్షన్ మారితే ఏమవుతుందో నాకు తెలుసు. పాతవి పనిచెయ్యవు, కొత్తవి అర్థం కావు!

మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, మాయవస్తువుల నియమాలు మారిన తీరు చూడండి. 1970ల చివరినాటి పుస్తకాల్లో మాయవస్తువు అంటే ఎక్కువగా దొరికేదే. అదేం చేస్తుందో తెలియాలంటే మాంత్రికుడు ముత్యాన్ని పొడిచేసి ద్రాక్షసారాయిలో కలుపుకు తాగి మంత్రం వెయ్యాలి. ఆ తరువాత కొన్ని గంటలు నీరసపడి ఉండాలి. పైగా ఎవరి వృత్తి వారిదే. మంత్రఖడ్గం కాళ్ళ ముందే పడి ఉన్నా మాంత్రికుడు దాన్ని వాడకూడదు.

మా మూడున్నరో ఎడిషన్‌లో దాదాపు అన్నిటికీ ధరలు ఉన్నాయి. కత్తి బలాన్ని వర్గం చేసి రెండు వేలతో గుణిస్తే ఆ మాయకి ఖరీదు. బలం ఒకటైతే రెండు వేల బంగారు నాణేలు, రెండైతే ఎనిమిది వేలు, మూడైతే పద్దెనిమిది వేలు. మనమే తయారుచేసుకుంటే సగం ఖర్చు. కానీ చేసేవాడు తన అనుభవంలోంచి, అంటే తను బతికి సంపాదించుకున్న పాయింట్లలోంచి, ఖరీదులో ఇరవై అయిదో వంతు పోగొట్టుకోవాలి. రెండు వేల కత్తికి ఎనభై పాయింట్లు. పన్నెండు వందల డాలర్ల బ్యాంక్ బ్యాలెన్సుతో దేశంగాని దేశం వచ్చినవాడికి ఆ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి. మా నాన్న తెనాలిలో టైలరు. పదడుగుల కొట్టు, ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, ఒక పెద్ద ఇనప కత్తెర. ఎనిమిదేళ్ళప్పుడు గాలిపటం కోసం ఆ కత్తెరతో రంగు కాగితం కోశాను. నాన్న నన్ను కొట్టిన ఒకే ఒక్క దెబ్బ ఆ రోజుదే. కాగితం కోస్తే బట్ట కత్తెర పదును పోతుంది. కానీ కొట్టాక ఆయన అన్నది పదును గురించి కాదు. "ఇది నీ చేతికి కాదురా. ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోను. పోయి చదువుకో."

చదువుకున్నాను. ఎంత బాగా చదువుకున్నానంటే, ఇక్కడ ఆఫీసులో ఎవరైనా మీ నాన్నగారేం చేసేవారని అడిగితే, "గార్మెంట్ బిజినెస్" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

2019లో నాన్న పోయారు. కొట్టు ఖాళీ చేస్తున్నప్పుడు మిషను ఎవరో కొనుక్కుపోయారు. బల్ల ఇంటివాళ్ళకే వదిలేశాం. కత్తెర ఇనప సామానువాడికి వెయ్యబోతుంటే ఎందుకో ఆపి, బనియన్‌లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాను. ఇక్కడికొచ్చాక అది ఫర్నేసు గదిలో, పాత కేబుళ్ళ డబ్బాలో పడి ఉంది.

మొన్న చలికాలంలో మావాడికి అది దొరికింది. పద్నాలుగేళ్ళవాడు. "నాన్నా, ఇదేం చేస్తుంది?" అని అడిగాడు. వాడి ఆటలో దొరికిన వస్తువు గురించి అడిగినట్టే.

"తాతగారి కత్తెర. బట్టలు కోస్తుంది" అన్నాను.

"తాతగారికి బట్టలెందుకు కొయ్యడం?"

అప్పటిదాకా వాడికీ గార్మెంట్ బిజినెస్ అనే చెప్పానని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. కాగితం, గాలిపటం, దెబ్బ, అన్నీ చెప్పాను. వాడు కాసేపు కత్తెరని తిప్పి చూసి, "అయితే నువ్వు దీన్ని అట్యూన్ చేసుకోలేదన్నమాట" అన్నాడు.

ఇది 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ మాట. గొప్ప వస్తువులు చాలావరకు చేతిలోకి రాగానే పనిచెయ్యవు. గంటసేపు దాన్ని పట్టుకుని, దాని మీదే ధ్యాసపెట్టి కూర్చోవాలి. అలా ఒక మనిషి ఒకేసారి మూడింటితోనే జత కట్టగలడు. 2024లో దిద్దిన పుస్తకాల్లో ఇంకో మాట చేరింది. మాయవస్తువు తయారుచెయ్యాలంటే మాయావిద్య ఒక్కటే చాలదు, దానికి తగిన పనిముట్టు వాడటం కూడా వచ్చి ఉండాలి. చేతిపని రానివాడికి మాయా లేదు.

పాచికలు వేసుకోవడానికి సంచీ కుట్టుకుంటానన్నాడు. కత్తెర సాన పట్టించాను. ఆదివారం తెనాలికి వీడియో కాల్ కలిపి, బల్ల మీద నా పాత జీన్ ప్యాంటు పరిచాం. నేను చుక్కలు చుక్కలుగా కొరుకుతుంటే అమ్మ ఉండబట్టలేకపోయింది. "ఒరేయ్, కత్తెర ఎత్తకు. కింది రెక్క బల్లకి ఆనించి నడిపించు. మీ నాన్న అలాగే కోసేవారు. నువ్వెప్పుడూ చూడలేదూ?"

రోజూ చూశానమ్మా. ముట్టుకోలేదంతే.

కింది రెక్క ఆనించాను. కరకరమంటూ తెగింది. గంటసేపు పట్టింది ఆ రెండు ముక్కలకి. తరువాత మావాడు తీసుకున్నాడు, వాడి బొటనవేలికి ఉంగరం వదులు. "నాలుగు చుట్లు గుడ్డ చుట్టు కన్నా" అంది నానమ్మ.

సంచీ వంకరగా వచ్చింది. ఒక మూల పాచికలు జారిపోతాయి కూడా. ఆ శుక్రవారం కాఫీ కోసం వంటింట్లోకి వెడుతుంటే బేస్‌మెంటు మెట్ల మీంచి మాటలు వినిపించాయి. ఎవరో అడిగారు, ఇది ఎక్కడ కొన్నావని.

"నేనూ మా నాన్నా కుట్టాం. మా తాత టైలరు" అన్నాడు మావాడు, పాచిక వేస్తూనే.

ఇరవయ్యేళ్ళలో నాకు నోరు తిరగని వాక్యం అది. కాఫీ మాట మర్చిపోయి మెట్ల దగ్గరే నిలబడ్డాను. కింద ఎవరికో పన్నెండు పడింది. ఆట సాగిపోయింది.