ఆక్సిజన్ తిరిగొచ్చాక

"నిన్న మంచిగనే ఉండె గద సార్, ఇయ్యాల ఫిట్స్ ఎందుకొచ్చినయి?" నల్లగొండలో పసిపిల్లల వార్డు ముందు ఒక అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఇది. బిడ్డ దేవరకొండ వైపు తండాలో పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. అంబూ బ్యాగుతో ఊపిరి అందిస్తే రంగు తేరాడు, సాయంత్రానికి కాళ్లూ చేతులూ ఆడించాడు. మర్నాడు పొద్దున పెదవులు చప్పరించసాగాడు, కళ్లు ఒక పక్కకే నిలిచిపోయాయి. పసిగుడ్డులకు ఫిట్స్ తరచూ ఇలాగే వస్తాయి. పాల కోసమనుకుని ఇంటివాళ్లు మురిసిపోతారు. అచ్చంపేట, అమ్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ చేరిన బిడ్డల్లోనూ ఈ వరసే చూశాను.

ఆ ప్రశ్నకు జవాబు కణంలో ఉంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో, హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మెదడు కణాల్లో దాన్ని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా, అదీ ఆక్సిజన్ అందితేనే. ఊపిరాడకపోతే నిమిషాల్లోనే ఏటీపీ తరిగిపోతుంది, కాల్షియాన్ని తోడిపోసే పంపులు ఆగుతాయి.

మైటోకాండ్రియా పక్కనే కాల్షియం నిల్వ ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం ఉంటుంది. రెండూ ఆనుకున్నచోట ఎడం సుమారు 10 నుంచి 30 నానోమీటర్లే, ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య సందులాగా. మామూలప్పుడు ఆ సందులోంచి అందే కొద్దిపాటి కాల్షియం శక్తి తయారీకి ఊతమిస్తుంది. ఆక్సిజన్ కరువైనప్పుడు అదే దారిన మోతాదు మించి వచ్చిపడుతుంది. మైటోకాండ్రియా ముక్కలవడం మొదలవుతుంది. ఆక్సిజన్ తిరిగొచ్చాక కూడా దెబ్బ ఆగదు. కాల్షియంతో నిండిన మైటోకాండ్రియాలో కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి, లోపలి పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి. తేరుకున్నట్టు కనిపించిన కణం కొన్ని గంటల తర్వాత మళ్లీ కూలిపోతుంది. ఆ రెండో దెబ్బే మర్నాటి ఫిట్స్.

అందుకే 2010 నుంచి, నెలలు నిండి పుట్టిన బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్‌తో కాక, 21 శాతం ఆక్సిజన్ ఉండే మామూలు గాలితోనే ఊపిరి మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ రెండో దెబ్బను తగ్గించాలని, పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి బిడ్డ ఒంటిని 72 గంటలు చల్లగా ఉంచే చికిత్స సంపన్న దేశాల్లో ప్రాణాలు కాపాడింది. ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో ఇదే చికిత్సను 408 మంది శిశువులపై పరీక్షించిన హీలిక్స్ పరిశోధన 2021లో వెలువడింది. అందులో మేలు కనబడలేదు సరికదా, చల్లబరిచిన పిల్లల్లోనే ఎక్కువమంది చనిపోయారు.

కాబట్టి మన చేతిలో గట్టిగా ఉన్నది తొలి నిమిషమే. నొప్పుల వేళ కడుపులో బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉండాలి. ప్రతి కాన్పు గదిలో పనిచేసే అంబూ బ్యాగు, సరైన కొలత మాస్కు, రాత్రి డ్యూటీలోనూ వాటిని వాడటం వచ్చిన నర్సు ఉండాలి. ఆలస్యంగా ఏడ్చిన బిడ్డను, ఏడ్చాడు కదా అని, మొదటిరోజే ఇంటికి పంపకూడదు. ఆ రెండో దెబ్బ తప్పించే మందు ఇవాళ్టికీ మా దగ్గర లేదు. తొలి దెబ్బ తగలకుండా చూడటం మాత్రం తండా పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయగలిగిన పనే.